“ముందే చెప్పాను కదా, రాసుకోలేదా?”: బాలల సంక్షేమ రంగంలో పనిచేయాలంటే ఎలా సిద్ధపడాలి

ఒక సాయంత్రం మా దగ్గరకు ఒక అబ్బాయిని తీసుకొచ్చారు. రైలు దిగి ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా కనిపించాడట. పొద్దున్నుంచి వాడు తన కథ ఆరుగురికి చెప్పాడు. రైల్వే కానిస్టేబుల్, హెల్ప్ డెస్క్‌లో అమ్మాయి, ఎస్సై, నర్సు, డాక్టరు, హోమ్ వార్డెన్. ఏడో మనిషిని నేను. ఇంట్లోంచి ఎందుకు వచ్చేశావని అడిగితే తల వంచుకుని, “ముందే చెప్పాను కదా, రాసుకోలేదా?” అన్నాడు.

వాడి ఊరు, వయసు, రైలు పేరు ఇక్కడ రాయను. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

ఏటా డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న పిల్లలు వచ్చి “అక్కా, నాకు పిల్లలంటే చాలా ఇష్టం, ఈ పనిలోకి రావాలని ఉంది” అంటారు. ఆ ఇష్టం ఉండాల్సిందే. కానీ ఈ పని అసలు సారం వేరు. పిల్ల చెప్పేది ఒక్కసారి సరిగ్గా విని, మళ్ళీ చెప్పాల్సిన అవసరం లేకుండా రాసిపెట్టే మనిషిగా తయారు కావాలి. చదువు, చట్టం, ఇంటర్వ్యూ అన్నీ దానికోసమే. నేను ఈ మెట్లను తలకిందులుగా ఎక్కాను. ముందు ఉద్యోగంలో చేరాను, చట్టం తర్వాత చదివాను, రాయడం అన్నిటికంటే చివర నేర్చుకున్నాను. మీరు ఈ వరుసలో రండి.

1. కోర్సు ఎంచుకోకముందే వెళ్ళి చూడండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. ఈ పని దశాబ్దాలుగా ఇక్కడ జరుగుతోంది. హౌరా, చెన్నై, సికింద్రాబాదు వైపు వెళ్ళే రైళ్ళన్నీ కలిసే జంక్షన్ కావడంతో ఇల్లు వదిలిన పిల్లలు విజయవాడలో దిగడం ఎప్పటినుంచో ఉంది. వాళ్ళకోసమే 1985లో ఎస్‌కేసీవీ అనే పిల్లల సంస్థ, 1989లో నవజీవన్ బాల భవన్ మొదలయ్యాయి. వాసవ్య మహిళా మండలి అంతకంటే పాతది, 1969 నాటిది. ఇలాంటి సంస్థల్లో వారానికి ఒక రోజు చొప్పున మూడు నెలలు వాలంటీరుగా వెళ్ళిరండి.

వెళ్ళేముందు మూడు విషయాలు. సంస్థవాళ్ళు గుర్తింపు కార్డు అడుగుతారు, పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు. అడగకపోతే ఆ చోటు గురించి మీరే ఇంకోసారి ఆలోచించుకోండి. పిల్లలతో ఫొటోలు దిగకూడదు. మూడోది, పుట్టినరోజు కేకు పట్టుకుని ఒక్కరోజు వెళ్ళి మళ్ళీ కనిపించకుండా పోకండి. ఆ పిల్లల జీవితంలో వచ్చి వెళ్ళిపోయినవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. లెక్కలు చెబుతానని ఒప్పుకుంటే పన్నెండు వారాలూ లెక్కలు చెప్పండి. నాలుగో వారానికే ఏదో ఒక వంక దొరుకుతుంటే ఈ రంగం మీకు సరిపడదని తెలిసిపోతుంది. అది తెలియడమూ మేలే.

2. చదువు

దారులు మూడు. మీ గుణాన్ని బట్టి ఒకటి పట్టుకోండి.

మనుషుల ఇళ్ళకు వెళ్ళడం, గంటలకొద్దీ మాట్లాడటం మీకు తేలికైతే ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ. ఏ డిగ్రీ చేసినవాళ్ళయినా చేరవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మనకు దగ్గరలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. 1976లో వచ్చిన ఈ విశ్వవిద్యాలయం విజయవాడ, గుంటూరుల మధ్య జాతీయ రహదారి మీదే ఉంది కాబట్టి ఇంటినుంచే బస్సులో వెళ్ళిరావచ్చు. ఉద్యోగం చేస్తూనో, పెళ్ళయి పిల్లలు పుట్టాకో చదవాలనుకునేవాళ్ళకు ఇగ్నో దూరవిద్యలో బీఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ డిగ్రీ), ఎంఎస్‌డబ్ల్యూ రెండూ ఉన్నాయి. దాని ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది. ఎంఎస్‌డబ్ల్యూలో తరగతి గదికంటే ఫీల్డ్‌వర్క్ ముఖ్యం. ఎక్కడికి పంపుతారో ముందే కనుక్కోండి. బాలల సంక్షేమ సమితి (పిల్ల ఎక్కడ ఉండాలో తేల్చేది), జిల్లా బాలల సంరక్షణ విభాగం (ఈ పని చూసే ప్రభుత్వ కార్యాలయం), పిల్లల హోమ్, వీటిలో ఒకటి కావాలని పట్టుబట్టండి. ఎక్కడో ఆఫీసులో కూర్చుని సంతకాలు పెట్టించుకుని వచ్చేస్తే రెండేళ్ళు పోయినట్టే.

వాదించడం, కాగితం మీద తప్పులు పట్టడం మీ స్వభావమైతే లా. ఇంటర్ తర్వాత అయిదేళ్ళు, డిగ్రీ తర్వాత మూడేళ్ళు, దేనికైనా లాసెట్. విజయవాడలో సిద్ధార్థ లా కాలేజీ, గుంటూరులో ఏసీ లా కాలేజీ అందరికీ తెలిసినవే.

చిన్న పిల్లల ఎదుగుదల, కౌన్సెలింగ్ మీద మనసుంటే సైకాలజీ గానీ మానవాభివృద్ధి గానీ. గుంటూరులో ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద కమ్యూనిటీ సైన్స్ కళాశాల ఉందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. పాతవాళ్ళు హోమ్ సైన్స్ అనేదే ఇది. వంటలు, కుట్లు అని తీసిపారేయకండి. మూడేళ్ళ పిల్ల ఎలా మాట్లాడుతుంది, ఆరేళ్ళ పిల్ల ఎలా గుర్తుపెట్టుకుంటుంది అన్నది అక్కడ పద్ధతిగా నేర్పుతారు. కోర్టులో ఆరేళ్ళ పిల్ల మాట నిలబడాలంటే ఆ సంగతి ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి కదా.

నన్ను అడిగితే ఎంఎస్‌డబ్ల్యూ చేసి, ఆ తర్వాత మూడేళ్ళ లా చేసినవాళ్ళంత పనికొచ్చే మనిషి ఇంకొకరు లేరు. పిల్లతో కూర్చోగలరు, కోర్టులో నిలబడగలరు.

3. చట్టాన్ని తెలుగులో చెప్పగలిగేలా చదవండి

పరీక్ష కోసం బట్టీ పట్టిన సెక్షన్ పిల్లవాడి ముందు పనికిరాదు. ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఎడమ పేజీలో సెక్షన్, కుడి పేజీలో మీ నాయనమ్మకు అర్థమయ్యే మాటల్లో దాని అర్థం. కుడి పేజీ రాయలేకపోయారంటే ఎడమ పేజీ మీకూ అర్థం కాలేదన్నమాట.

మొదట చదవాల్సింది 2015 బాల న్యాయ చట్టం. వాడుకలో జేజే యాక్ట్. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్ళు నిండనివాళ్ళంతా దీని కింద బాలలే. అందులో రెండు దారులున్నాయి. రక్షణ, సంరక్షణ కావాల్సిన పిల్లలు బాలల సంక్షేమ సమితి ముందుకు వెళతారు. నేరం చేశారన్న ఆరోపణ ఉన్న పిల్లలు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళతారు. సమితిలో అధ్యక్షుడో అధ్యక్షురాలో ఒకరు, సభ్యులు నలుగురు. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. ఈ తేడా తెలియక పారిపోయి వచ్చిన పిల్లవాణ్ణి దొంగను చూసినట్టు చూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

మూడో సెక్షన్‌లో పదహారు మూలసూత్రాలున్నాయి. వాటిని మాత్రం వేళ్ళమీద చెప్పగలగాలి. ముఖ్యంగా రెండు. పిల్లల మాట వినాలి, వాళ్ళ గురించి తీసుకునే నిర్ణయంలో వాళ్ళకు చోటివ్వాలి. 1989 ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పన్నెండో అధికరణ చెప్పేదీ ఇదే, 1992లో మన దేశం దాన్ని అంగీకరించింది. రెండోది, హోమ్‌లో పెట్టడం ఆఖరి మార్గం. హోముల్లో ఉన్న పిల్లలందరూ అనాథలనుకుంటారు జనం. చాలామందికి తల్లో తండ్రో ఉంటారు, పేదరికమే వాళ్ళను అక్కడికి చేర్చింది. అందుకే కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చి పిల్లను ఇంట్లోనే ఉంచే ఏర్పాటు ఉంది. ఆ దరఖాస్తు నింపడం నేర్చుకుంటే ఒక ఇల్లు విడిపోకుండా ఆపగలుగుతారు.

గడువులు గోడమీద రాసిపెట్టుకోండి. దొరికిన పిల్లను ప్రయాణ సమయం పోను 24 గంటల్లో సమితి ముందు హాజరుపరచాలి. సమితి సమావేశంలో లేకపోతే ఒక్క సభ్యుడి ముందైనా సరే. సామాజిక విచారణ, అంటే పిల్ల ఇల్లూ పరిస్థితులూ వెళ్ళి తెలుసుకోవడం, 15 రోజుల్లో పూర్తికావాలి. మొదటిసారి హాజరుపరచిన నాటినుంచి నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు రావాలి.

74వ సెక్షన్ పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో, గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదంటుంది. వాట్సాప్ స్టేటస్ కూడా బయటే. మొదట్లో నేను ఆ అబ్బాయి ఊరు రాయనన్నది ఇందుకే.

వయసు తేల్చడం మరో ముఖ్యమైన పని. 94వ సెక్షన్ ప్రకారం ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రమో పదో తరగతి సర్టిఫికెట్టో చూడాలి, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, ఏదీ లేనప్పుడే వైద్య పరీక్ష. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు ఒక్క కాగితం నానిపోతే ఏమవుతుందో మన ఊరికి తెలిసొచ్చింది. నకలు ఎక్కడ తీసుకోవాలో తెలిసిన మనిషి విలువ అప్పుడు అర్థమైంది.

తర్వాత పోక్సో, అంటే పిల్లలను లైంగిక దాడుల నుంచి కాపాడే 2012 చట్టం. 19వ సెక్షన్ ప్రకారం లైంగిక దాడి జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద నేరం. పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో, పిల్ల కోరుకున్న చోటో తీసుకోవాలి. తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు మహిళా అధికారి అయి ఉండాలి. సాక్ష్యం చెప్పడానికి పిల్లను మాటిమాటికీ కోర్టుకు పిలవకూడదు. ఈ చట్టం రాసినవాళ్ళకు ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న ముందే వినబడిందేమో అనిపిస్తుంది నాకు. 2020 నిబంధనల కింద సమితి ఇలాంటి పిల్లకు తోడుగా సపోర్ట్ పర్సన్‌ను నియమిస్తుంది. కేసు సాగినంతకాలం పిల్లకు, కుటుంబానికి అండగా ఉండే మనిషి అన్నమాట. కొత్తగా వచ్చేవాళ్ళకు ఇంతకంటే మంచి పాఠశాల లేదు.

బాల్యవివాహాల నిషేధ చట్టం 2006, బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ, విద్యాహక్కు చట్టం 2009, ఇవి మూడూ ఒక నెలలో చదివేయవచ్చు.

4. వినడం

ఇది పుస్తకంతో రాదు. ఇద్దరు స్నేహితులను కూర్చోబెట్టుకుని సాధన చేయండి. ఒకరు పిల్ల, ఒకరు మీరు, ఒకరు తప్పులు రాసేవాళ్ళు.

జవాబు ముందే పెట్టి ప్రశ్న అడగకండి. “నాన్న కొట్టాడా?” అంటే పిల్ల మీ మొహం చూసి మీకు కావాల్సిన మాట చెబుతుంది. “సాయంత్రం పూట మీ ఇంట్లో ఎలా ఉంటుంది?” అని అడిగి ఆగండి. ఆ ఆగడమే కష్టం. పది సెకన్ల మౌనం మనకు పది నిమిషాల్లా ఉంటుంది, పిల్లకు మాత్రం అది మాట కూడగట్టుకునే సమయం. “ఎందుకు” అనే మాట వీలైనంత తగ్గించండి, అందులో తప్పు పడుతున్నట్టు వినబడుతుంది. నేను ఆ అబ్బాయిని “ఎందుకు వచ్చేశావు” అనే అడిగాను. ఇప్పుడైతే, వాడితో వచ్చిన కాగితాలు ముందు చదివి, “పొద్దున నువ్వు చెప్పింది నేను చదివాను. ఏదైనా తప్పు రాశారేమో చూద్దామా?” అంటాను.

“ఎవరికీ చెప్పను” అని ఎప్పుడూ మాటివ్వకండి. చట్టం ప్రకారం మీరు చెప్పాల్సి రావచ్చు. మాట తప్పిన పెద్దవాళ్ళను ఆ పిల్ల ఇప్పటికే చూసింది. “నిన్ను కాపాడాల్సినవాళ్ళకు మాత్రం చెబుతాను. ఎవరికి చెబుతున్నానో ముందు నీకు చెబుతాను” అనండి.

లైంగిక దాడి సంగతి బయటపడితే అక్కడితో మీ ప్రశ్నలు ఆపేయండి. పిల్ల చెప్పినంత విని, ఆ మాటలే రాసుకుని, వెంటనే పోలీసులకు తెలియజేసి, సమితికి చేరేలా చూడండి. దర్యాప్తు మీ పని కాదు. మీరు తెలిసీ తెలియక అడిగిన నాలుగు ప్రశ్నలు రేపు కోర్టులో పిల్ల మాటకే అడ్డం తిరగవచ్చు.

భాష గురించి కూడా చెప్పాలి. హిందీ నేర్చుకోండి. ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి, ఉత్తరాది నుంచి వచ్చే రైళ్ళలో పిల్లలు దిగుతారు. వ్యాకరణం లేకపోయినా ఫరవాలేదు, “అన్నం తిన్నావా, నిద్ర వస్తోందా, భయంగా ఉందా” అని అడగగలిగితే చాలు. అంతకు మించిన దానికి దుబాసీని అడిగే హక్కు పిల్లకు ఉంది.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో సంవాద్ అనే విభాగం పిల్లలతో పనిచేసేవాళ్ళకు శిక్షణ ఇస్తుంది. దానిలో చోటు దొరికితే వదులుకోకండి.

5. రాయడం

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికి పెట్టండి. పిల్లను ఇంటికి పంపాలా, హోమ్‌లో ఉంచాలా, మేనమామకు అప్పగించాలా అన్నది సమితి తేల్చేది మీ సామాజిక విచారణ నివేదిక చూసే. సభ్యులు ఆ ఇల్లు చూడలేదు. వాళ్ళ కళ్ళు మీ కాగితమే.

నా మొదటి నివేదికలో రెండు వాక్యాలు ఇలా ఉన్నాయి: “తండ్రి తాగుబోతు. తల్లికి పిల్లల మీద శ్రద్ధ లేదు.” సమితిలో ఉన్న ఒక పెద్దావిడ కాగితం తిప్పి ఇచ్చి, “శ్రద్ధ లేదని నీకెలా తెలుసమ్మా? చూశావా, ఎవరైనా చెప్పారా, నువ్వే అనుకున్నావా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. తర్వాత రాసింది ఇది:

“తండ్రి వారంలో మూడు నాలుగు రోజులు తాగి వస్తాడని బాబు, పక్కింటావిడ విడివిడిగా చెప్పారు. తల్లి ఉదయం 5 గంటలకు మిరప కోతకు వెళ్ళి సాయంత్రం 6 దాటాక వస్తానని చెప్పింది. ఆ సమయంలో పిల్లలను నాయనమ్మ చూస్తుంది. ఆమెకు చూపు సరిగా ఆనదు. నేను వెళ్ళినప్పుడు పొయ్యి దగ్గర తడుముకుంటూ వంట చేస్తోంది.”

అదే ఇల్లు, అదే తల్లి. మొదటి నివేదికతో బాబు హోమ్‌లో ఉండిపోయేవాడు. రెండోది చదివాక సమితి స్పాన్సర్‌షిప్‌కు రాయించి, నాయనమ్మకు కంటి ఆపరేషన్ సంగతి చూడమని చెప్పింది. ఆ తేడా నా చేతిలోంచి వచ్చిందని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కాబట్టి ప్రతి వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో అందులోనే ఉండాలి. విన్నదైతే ఎవరు చెప్పారో, చూసినదైతే ఏ రోజు ఎన్ని గంటలకో. మీ అభిప్రాయాన్ని చివర వేరే పేరాలో, అభిప్రాయమని చెప్పి రాయండి. పిల్ల వాడిన మాట మార్చకండి. “నన్ను ఇష్టం లేనట్టు చూస్తది” అని పిల్ల అంటే దాన్ని “సవతి తల్లి నిరాదరణ” అని గ్రంథస్థం చేయకండి. “బాల నేరస్థుడు”, “చెడిపోయిన పిల్ల”, “లేచిపోయింది” లాంటి మాటలు మీ కలంలో ఉండకూడదు. రాసింది ఆ పిల్లకు చదివి వినిపించండి. నేర్చుకోవడానికి రోజూ ఒక పేజీ రాయండి. బస్టాండులో అరగంట కూర్చుని చూసినదీ విన్నదీ మాత్రమే రాయాలి, అనుకున్నది ఒక్కటీ రాకూడదు. నెల గడిచేసరికి చెయ్యి తిరుగుతుంది.

6. జిల్లాను కాళ్ళతో తెలుసుకోండి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు వచ్చింది, పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది. ఏ ఊరు ఎవరి పరిధిలోకి వస్తుందో తెలియకపోతే పిల్లను తిప్పిన చోటల్లా తిప్పుతారు.

కాలాన్ని బట్టి సమస్య మారుతుంది. మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కుటుంబాలు గుంటూరు పొలాలకు వలస వస్తాయి, పిల్లల బడి మధ్యలో ఆగిపోతుంది. వేసవి సెలవుల్లో ముహూర్తాలు మొదలైతే బాల్యవివాహాల కబుర్లు. పరీక్షా ఫలితాల రోజుల్లో ఇల్లు వదిలి వచ్చేవాళ్ళు. అంగన్‌వాడీ టీచరు, సచివాలయంలో మహిళా పోలీసు, బడి హెడ్మాస్టరు, ఆశా కార్యకర్త, ఈ నలుగురూ మిమ్మల్ని పేరుపెట్టి పిలిచేంత పరిచయం పెంచుకోండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ 1996లో ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రాజెక్టుగా పుట్టింది, ఇప్పుడు ప్రభుత్వమే నడుపుతోంది. ఆ నంబరుకు ఫోన్ చేసేది చాలాసార్లు ఈ నలుగురిలో ఒకరే.

7. ఉద్యోగం

జిల్లా బాలల సంరక్షణ విభాగంలో సంరక్షణ అధికారులు, లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్, కౌన్సెలర్, సోషల్ వర్కర్, ఔట్‌రీచ్ వర్కర్ పోస్టులుంటాయి. ఔట్‌రీచ్ వర్కర్‌కు ఇంటర్ చాలు, లీగల్ పోస్టుకు లా పట్టా కావాలి. ఇవి ఎక్కువగా కాంట్రాక్టు పోస్టులు. జిల్లా వెబ్‌సైటులో నోటిఫికేషన్ వస్తుంది, దరఖాస్తుకు ఇచ్చే గడువు తక్కువ, కాబట్టి సర్టిఫికెట్ల నకళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. జీతం ఎక్కువుండదు, ఆలస్యంగా కూడా రావచ్చు. ఇంట్లో ఆ సంగతి ముందే మాట్లాడుకోండి. నిలకడ కావాలంటే అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకంలో ఏపీపీఎస్సీ ద్వారా సీడీపీఓ (ప్రాజెక్టు అధికారి), లేదా సూపర్‌వైజర్ వైపు చూడవచ్చు. సమితి సభ్యత్వానికి పిల్లల రంగంలో ఏడేళ్ళ అనుభవం అడుగుతారు, అది ఇప్పటినుంచే లెక్కలోకి వస్తుంది కాబట్టి పనిచేసిన ప్రతి చోటా అనుభవ పత్రం తీసుకోండి.

ఇంటర్వ్యూలో “రాత్రి 11 గంటలకు ఒక పిల్ల దొరికింది, ఏం చేస్తారు?” లాంటి ప్రశ్న తప్పక ఉంటుంది. సెక్షన్లతో మొదలుపెట్టకండి. ముందు అన్నం, పడుకోవడానికి క్షేమమైన చోటు, గాయాలుంటే వైద్యం, ఆ తర్వాత ఎవరికి ఫోన్, ఎన్ని గంటల్లో ఎవరి ముందుకు. ఈ వరుసలో చెప్పండి.

చేరిన మొదటి వారం కొత్త కేసు కోసం ఎదురుచూడకండి. బీరువాలో ఉన్న పాత ఫైళ్ళు అడిగి తీయించుకోండి. ఏ పిల్ల విచారణ 15 రోజులు దాటిపోయిందో, ఏ ఫైల్లో ఇంటి సందర్శన అన్న గడి ఖాళీగా ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. అందులో అన్నిటికంటే పాత తేదీ ఉన్న ఫైలు పట్టుకుని, లోపల ఉన్నదంతా చదివి, ఆ పిల్ల దగ్గరకు వెళ్ళండి.